పాత జీపు, పల్నాటి ఎండ: అల్యూమినియం రేడియేటర్ విశేషాలు

పల్నాడులో పాత ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లకు ఇంకా పని ఉంది. మాచర్ల అవతల నల్లమల అంచు దారులకైనా, వానాకాలంలో నల్లరేగడి డొంకలకైనా మహీంద్రా ఎంఎం 540, మారుతి జిప్సీ లాంటివి పనికొచ్చినట్టు చాలా కొత్త బండ్లు పనికిరావు. వీటికి గడ్డుకాలం ఎండాకాలం. ఉష్ణోగ్రత ముల్లు ఎర్రగీత తాకినప్పుడల్లా, పాత ఇత్తడి రేడియేటర్ తీసేసి బయట దొరికే అల్యూమినియం రేడియేటర్ వేయిద్దామా అనే ఆలోచన వస్తుంది. మంచి ఆలోచనే. కాకపోతే మన ఎండ, మన నీళ్లు, మన దుమ్ము లెక్కలోకి తీసుకుని ఎంచుకుంటేనే పెట్టిన డబ్బు దక్కుతుంది. అందుకు పనికొచ్చే సంగతులు ఇవి.

రెంటచింతల లెక్క

గురజాలకూ మాచర్లకూ మధ్య ఉన్న రెంటచింతల పేరు మే నెల వస్తే వాతావరణ వార్తల్లో తప్పక వినిపిస్తుంది. రాష్ట్రంలో అత్యధిక ఉష్ణోగ్రతలు నమోదయ్యే చోట్లలో అదొకటి. రేడియేటర్ ఎంత వేడిని వదిలించగలదన్నది లోపలి నీటికీ బయటి గాలికీ మధ్య ఉన్న తేడా మీద ఆధారపడుతుంది. నీళ్లు 95 డిగ్రీలు, గాలి 25 డిగ్రీలు ఉంటే తేడా 70. అదే గాలి 45 డిగ్రీలకు చేరితే తేడా 50కి పడిపోతుంది. అంటే అదే రేడియేటర్ అదే వేగంలో వదిలించే వేడి సుమారు 29 శాతం తగ్గుతుంది. చల్లటి ఊళ్లో ఇబ్బంది పెట్టని బండి ఇక్కడ ఆవిర్లు కక్కడానికి కారణం ఇదే. "ఫలానా ఊళ్లో బాగా పనిచేసింది" అన్న మాట నమ్మే ముందు ఆ ఊరి ఎండ ఎంతో అడగాలి.

రాగి గెలవాలి, మరి అల్యూమినియం ఎందుకు?

వేడిని ప్రసరింపజేయడంలో స్వచ్ఛమైన రాగి విలువ సుమారు 400, అల్యూమినియం విలువ సుమారు 237. ఈ లెక్కన రాగే మేలు. అయితే పాత రేడియేటర్‌లో నీళ్లు పారే గొట్టాలు ఇత్తడివి. ఇత్తడి విలువ 110-120 దగ్గరే ఉంటుంది. రాగి ఉండేది గాలి తగిలే పల్చటి రెక్కల్లో మాత్రమే. ఆ రెంటినీ కలిపేది తగరం, సీసం కలిసిన టంకం. అది వేడిని ఇంకా నెమ్మదిగా పంపుతుంది. అల్యూమినియం రేడియేటర్‌లో గొట్టం, రెక్క రెండూ దాదాపు 600 డిగ్రీల కొలిమిలో ఒకే ముద్దలా అతుక్కుంటాయి కాబట్టి మధ్యలో ఆ అడ్డు ఉండదు. పైగా అల్యూమినియం గట్టిదనం వల్ల గొట్టాలను వెడల్పుగా చేయవచ్చు, దాంతో రెక్కలకు తగిలే చోటు పెరుగుతుంది. బరువులోనూ తేడా ఉంది. రాగి సాంద్రత 8.96 అయితే అల్యూమినియంది 2.7.

8,070 గొట్టాలతో మొదలైన దారి

నేటి రేడియేటర్‌కు దారి చూపింది జర్మనీ ఇంజనీరు విల్‌హెల్మ్ మేబాక్. 1901 నాటి మెర్సిడెస్ 35 హెచ్‌పీ కారుకు ఆయన తేనెపట్టు లాంటి రేడియేటర్ తయారుచేశారు. అందులో 6 మిల్లీమీటర్ల నలుచదరపు గొట్టాలు 8,070 ఉన్నాయి. గాలి తగిలే వైశాల్యం అంతగా పెరగడంతో ఆ కారుకు 9 లీటర్ల నీళ్లే సరిపోయాయి. ఎక్కువ నీళ్లు పట్టించడం కన్నా ఎక్కువ గాలి తగిలించడం ముఖ్యమని ఆనాడే తేలింది. దుకాణంలో "ఇందులో నీళ్లు ఎక్కువ పడతాయి" అని చెబితే సంతోషపడక, ముందువైపు వైశాల్యం ఎంతో కొలిపించుకోవాలి.

సున్నపురాతి నేల, సున్నపు నీళ్లు

పిడుగురాళ్ల సున్నం బట్టీలకు, మాచర్ల నాపరాళ్లకు, ఈ ప్రాంతపు సిమెంటు ఫ్యాక్టరీలకు మూలం ఒక్కటే: పల్నాడు కింద పరచుకున్న సున్నపురాయి. ఆ రాతి పొరల్లోంచి వచ్చే బోరు నీళ్లలో కాల్షియం బైకార్బనేట్ కరిగి ఉంటుంది. నీళ్లు వేడెక్కితే అది విడిపోయి కాల్షియం కార్బనేట్‌గా గోడలకు పేరుకుంటుంది. వేన్నీళ్ల కాగు అడుగున కనిపించే తెల్లటి గార అదే. రాగి విలువ 400 అనుకున్నాం కదా, ఆ గార విలువ ఒకటి రెండుకు మించదు. గొట్టం లోపల పల్చటి పొర కట్టినా ఎంత మంచి లోహమైనా దాని వెనక దాక్కున్నట్టే. కొత్త రేడియేటర్‌లో ఆరు నెలలు బోరు నీళ్లు పోస్తే అది పాతదానిలాగే తయారవుతుంది. డిస్టిల్డ్ వాటర్‌తో కలిపిన కూలెంట్, లేదా కలిపి అమ్మే రెడీమేడ్ కూలెంట్ మాత్రమే పోయాలి. దారిలో తప్పనిసరై పోయాల్సి వస్తే క్యాన్ నీళ్లు బోరు నీళ్ల కన్నా నయం. ఇంటికి చేరాక వాటినీ తీసేయించాలి.

కాస్టిక్ సోడా స్నానం పనికిరాదు

ఇత్తడి రేడియేటర్‌లను కాస్టిక్ సోడా కలిపిన వేడినీళ్లలో ముంచి శుభ్రం చేసే అలవాటు పాత షాపుల్లో ఉంది. ఇత్తడి దాన్ని తట్టుకుంటుంది. అల్యూమినియం తట్టుకోలేదు. గాఢమైన క్షారంలో అది కరిగి హైడ్రోజన్ వాయువును వదులుతుంది. పల్చటి గొట్టాలు చూస్తుండగానే చిల్లులు పడతాయి. చాకలి సోడా, సున్నపు నీళ్లు కూడా దీనికి శత్రువులే. రేడియేటర్ సర్వీసింగ్‌కు ఇచ్చేటప్పుడు "ఇది అల్యూమినియం" అని ముందే చెప్పడం మరచిపోవద్దు.

ఒకే నీళ్లలో మూడు లోహాలు

చాలా పాత జీపుల్లో ఇంజన్ బ్లాక్ పోత ఇనుముది. వాటర్ పైపుల బిగింపుల్లో, థర్మోస్టాట్‌లో, హీటర్ ఉంటే అందులోనూ ఇత్తడి, రాగి ఉంటాయి. వాటి మధ్యకు అల్యూమినియం వచ్చి చేరితే, నీళ్లే బ్యాటరీ ద్రవంలా పనిచేసి, మూడింటిలోనూ బలహీనమైన అల్యూమినియాన్ని తినేస్తాయి. పాత నీళ్లలో కరిగి ఉన్న రాగి అల్యూమినియం మీద చేరితే అక్కడ గుంటలు పడతాయి. అందుకే కొత్త రేడియేటర్ బిగించే ముందు ఇంజన్ లోపలి నీళ్లను, తుప్పును పూర్తిగా కడిగించాలి. కూలెంట్‌లో ఉండే తుప్పు నిరోధక రసాయనాలే ఆ తర్వాతి రక్షణ. కూలెంట్ డబ్బా మీద రంగు చూసి కొనకండి. ఆకుపచ్చ, ఎరుపు, నీలం అన్నీ కలిపిన రంగులే, నాణ్యతకు గుర్తులు కావు. అల్యూమినియానికి పనికొస్తుందా అన్నది రాత చదివి చూసుకోండి.

ఒక్క మల్టీమీటర్‌తో ముందు జాగ్రత్త

పాత బండ్లలో ఎర్త్ తీగలు వదులై ఉండటం మామూలే. అప్పుడు కరెంటు నీళ్ల గుండా దారి వెతుక్కుంటుంది, రేడియేటర్ లోపలి నుంచి తినబడుతుంది. మల్టీమీటర్ నల్ల తీగను బ్యాటరీ నెగెటివ్‌కు తగిలించి, ఎర్ర తీగ కొసను చల్లారిన రేడియేటర్ మూత తీసి నీళ్లలో ముంచాలి, లోహానికి తగలకూడదు. రీడింగ్ 0.1 వోల్ట్ దాటితే ఎర్త్ బాగుచేయించాలి, లేదా కూలెంట్ మార్చాలి. ఆ తర్వాతే కొత్త రేడియేటర్ జోలికి వెళ్లాలి.

మూడో వరసతో వచ్చే లాభం తక్కువ

గొట్టాల వరసలు ఎన్ని ఉంటే అంత చల్లదనం అని చాలామంది నమ్ముతారు. మొదటి వరసను దాటిన గాలి వేడెక్కి రెండో వరసకు, మరింత వేడెక్కి మూడో వరసకు చేరుతుంది. కాబట్టి ఒక్కో వరస వల్ల కలిగే లాభం తగ్గుతూ పోతుంది. మందం పెరిగితే గాలి దూరడం కష్టమవుతుంది, ఫ్యాన్‌కూ రేడియేటర్‌కూ మధ్య చోటు కరుగుతుంది. ఆ చోటు కనీసం 20 మిల్లీమీటర్లు ఉండాలి. గుంతల్లో ఇంజన్ ముందుకు ఊగితే ఫ్యాన్ రెక్క రేడియేటర్‌ను కోసేస్తుంది. పాత జీపుకు తర్వాత ఏసీ పెట్టించి ఉంటే ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి: ముందున్న కండెన్సర్‌ను దాటిన గాలి అప్పటికే వేడిది.

పత్తి పీచు, దుమ్ము

పల్నాడు పత్తికి, మిరపకు పేరు. పత్తి పీచు, ఎండుగడ్డి, మెత్తటి రేగడి దుమ్ము రేడియేటర్ రెక్కల మధ్య ఇరుక్కుంటాయి. రెక్కలు మరీ దగ్గరగా ఉన్న రేడియేటర్ హైవే మీద బాగా చల్లబరుస్తుంది గానీ డొంకల్లో త్వరగా పూడుకుపోతుంది. మట్టిదారి బండికి అంగుళానికి 10-12 రెక్కలు ఉన్నది మేలు. కడిగేటప్పుడు ఇంజన్ వైపు నుంచి ముందుకు, తక్కువ ఒత్తిడితో నీళ్లు కొట్టాలి. వాషింగ్ సెంటర్లో పెద్ద ఒత్తిడి పైపు దగ్గరగా పెడితే మెత్తటి రెక్కలు వంగిపోయి గాలి దారి మూసుకుంటుంది.

కోటప్పకొండ దారిలో పరీక్ష

మహాశివరాత్రికి నరసరావుపేట దగ్గరి కోటప్పకొండకు ప్రభలు కదులుతుంటే వెనక వాహనాలు నడిచే మనిషి వేగంతో సాగుతాయి. అప్పుడు ముందు నుంచి తోసుకొచ్చే గాలి ఉండదు, భారమంతా ఫ్యాన్ మీదే. ఫ్యాన్ చుట్టూ ఉండే గూడును ష్రౌడ్ అంటారు. అది లేకపోతే ఫ్యాన్ తన ముందున్న గుండ్రటి భాగం నుంచే గాలి లాగుతుంది, రేడియేటర్ నాలుగు మూలలూ వృథా అవుతాయి. పాత బండ్లలో మరమ్మతులప్పుడు తీసి పక్కన పడేసిన గూడును మళ్లీ బిగించడం ఒక్కటే కొన్నిసార్లు సమస్య తీరుస్తుంది. అల్యూమినియం రేడియేటర్ కొనేటప్పుడు దానికి సరిపోయే ష్రౌడ్ వస్తుందా అని తప్పక అడగాలి.

మూతలో ఉన్న బలం

రేడియేటర్ మూత నీళ్లను ఒత్తిడిలో ఉంచుతుంది. ఒక్కో పీఎస్‌ఐ ఒత్తిడికి నీళ్లు మరిగే ఉష్ణోగ్రత దాదాపు ఒకటిన్నర డిగ్రీలు పెరుగుతుంది. 13 పీఎస్‌ఐ మూత బాగుంటే నీళ్లు 118 డిగ్రీల దాకా మరగవు. రబ్బరు ఎండిపోయిన మూత 100కే మరిగిస్తుంది. అలాగని మరీ ఎక్కువ ఒత్తిడి మూత వేస్తే పాత పైపులు పగులుతాయి. కంపెనీ చెప్పిన ఒత్తిడికే కొత్త మూత కొనండి. వేడి మీద మూత ఎప్పుడూ తీయవద్దు. ఒత్తిడి పోగానే నీళ్లు ఒక్కసారిగా ఆవిరై ముఖాన్ని కాలుస్తాయి.

థర్మోస్టాట్ తీసేయడం మందు కాదు

వేడెక్కుతోందని థర్మోస్టాట్ పీకేయించడం మన వైపు పాత అలవాటు. చాలా ఇంజన్లలో అది సుమారు 82 డిగ్రీల దగ్గర తెరుచుకుంటుంది. కొన్ని ఇంజన్లలో తెరుచుకుంటూనే పక్కదారిని మూసేస్తుంది కూడా. అలాంటి చోట దాన్ని తీసేస్తే వేడినీళ్లలో కొంత రేడియేటర్‌కు వెళ్లకుండానే ఇంజన్‌లోకి తిరిగొస్తుంది. మిగతా రోజుల్లో ఇంజన్ తగినంత వేడెక్కక డీజిల్ ఎక్కువ తాగుతుంది, త్వరగా అరుగుతుంది.

పసుపు పోసే ముందు

కారుతున్న రేడియేటర్‌లో పసుపు పోయడం డ్రైవర్లందరికీ తెలిసిన చిట్కా. పసుపు ఉబ్బి చిన్న చిల్లును మూస్తుంది, అడవి దారిలో ప్రాణం కాపాడుతుంది. అయితే అది చిల్లునూ గొట్టాన్నీ వేరుచేసి చూడదు. సన్నటి గొట్టాల్లోనూ పేరుకుంటుంది. ఊరు చేరగానే కడిగించాలి. ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి: ఇత్తడి రేడియేటర్‌కు ఏ చిన్న ఊళ్లోనైనా టంకం వేస్తారు. అల్యూమినియానికి ఆర్గాన్ వెల్డింగ్ తెలిసిన చేయి కావాలి. అందుకోసం గుంటూరుకో, విజయవాడ ఆటోనగర్‌కో వెళ్లాల్సి రావచ్చు. దూరపు అడవి దారుల్లోనే ఎక్కువగా తిరిగే బండికి, మంచి ఇత్తడి కోర్ కొత్తగా వేయించుకోవడం కూడా సరైన నిర్ణయమే.

జీపులన్నీ ఒక కొలత కావు

1953లో వచ్చిన సీజే-3బీ జీపు బానెట్ ఎత్తుగా ఉంటుంది. హరికేన్ ఇంజన్ పొడుగు ఎక్కువ కావడమే కారణం. మన దేశంలో మహీంద్రా దాన్ని దశాబ్దాలపాటు తయారుచేసింది. తర్వాతి మోడళ్లలో ఇంజన్లు, గ్రిల్లులు మారాయి, యజమానులు ఇంజన్లే మార్చేశారు. అందుకే మోడల్ పేరు చెప్పి కొనకుండా ఎత్తు, వెడల్పు, మందం, పైపుల వ్యాసం, అవి ఏ వైపున్నాయో, బోల్టుల మధ్య దూరం కొలుచుకుని వెళ్లాలి. పాత చట్రం గుంతల్లో మెలితిరుగుతుంది. అదే కుదుపు మళ్లీ మళ్లీ తగిలితే అల్యూమినియం వెల్డింగ్ దగ్గర పగులు వస్తుంది. ఇనుప చట్రానికి నేరుగా బిగించకుండా మధ్యలో రబ్బరు బుష్‌లు వేయిస్తే పగులూ తప్పుతుంది, రెండు లోహాల రాపిడీ తప్పుతుంది.

దోషం రేడియేటర్‌దేనా?

ట్రాఫిక్‌లో వేడెక్కి వేగంగా పోతే చల్లబడుతుంటే ఫ్యాన్‌నో ష్రౌడ్‌నో చూడాలి. హైవే మీద వేగం పెరిగేకొద్దీ వేడెక్కుతుంటే గొట్టాలు పూడుకుపోయి ఉండవచ్చు, లేదా వాటర్ పంప్ బలహీనపడి ఉండవచ్చు. చల్లటి ఇంజన్‌ను మూత తీసి స్టార్ట్ చేసినప్పుడు నీళ్లలో ఆగకుండా బుడగలు వస్తుంటే హెడ్ గాస్కెట్ పోయిందని అనుమానించాలి. అప్పుడు ఎంత ఖరీదైన రేడియేటర్ వేసినా ఫలితం ఉండదు.

ఖర్చు పెట్టే వరస కూడా అలాగే ఉండాలి. ముందు మూత, పైపులు, థర్మోస్టాట్, ష్రౌడ్. తర్వాత ఇంజన్ లోపల కడిగించడం, ఎర్త్ సరిచేయడం. అప్పటికీ వేడి తగ్గకపోతే సరైన కొలతల అల్యూమినియం రేడియేటర్. అది వచ్చిన రోజు నుంచి బోరు నీళ్లు బంద్. ఒక లీటరు కూలెంట్ సీసా బండిలో ఎప్పుడూ ఉంచుకోండి. తియ్యగా ఉండే ఆ ద్రవం విషం కాబట్టి పిల్లలకు, పశువులకు అందకుండా దాచండి. ఇంత జాగ్రత్త తీసుకున్న పాత జీపు మే నెలలో కూడా మాచర్ల దారి ధైర్యంగా ఎక్కుతుంది.