గొలుసు తెగని గణన

తూర్పు కనుమలలో సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న అరకులోయలో గిరిజన రైతుల ముఖ్యమైన వాణిజ్య పంట కాఫీ. పండిన కాయలను కోయడం, తోలు తీయడం, పులియబెట్టడం, కడగడం, ఆరబెట్టడం అనే పనులు ఒకదాని తరువాత ఒకటిగా సాగాలి. క్రమం తప్పితే గింజ నాణ్యత చెడుతుంది. ఆరుబయట ఆరబోసిన గింజలపై అకాల వర్షం కురిస్తే ఏడాది శ్రమ వృథా అవుతుంది. 2014 అక్టోబరు 12న విశాఖపట్నం వద్ద తీరం దాటిన హుద్‌హుద్ తుపాను, అరకు ప్రాంతపు కాఫీ తోటలకు నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లను కూల్చివేసింది. తుపానును ఆపే శక్తి మానవునికి లేదు. దాని రాకను ముందుగా తెలుసుకొనే శక్తి మాత్రం ఉన్నది.

ఆ శక్తికి నేడు ముఖ్యమైన ఆధారం కంప్యూటర్ క్లస్టర్. అనేక కంప్యూటర్లను కలిపి ఒకే యంత్రంవలె పనిచేయించే వ్యవస్థ ఇది. నోయిడాలోని జాతీయ మధ్యకాలిక వాతావరణ సూచన కేంద్రం కోసం 2024 సెప్టెంబరు 26న ప్రారంభించిన ‘అరుణిక’ ఇటువంటిదే. దాని సామర్థ్యం 8.24 పెటాఫ్లాప్‌లు. సెకనుకు వెయ్యి లక్షల కోట్ల లెక్కలు చేయగలగడమే ఒక పెటాఫ్లాప్.

వాతావరణ సూచన ఒకే లెక్కతో తేలదు. ఉపగ్రహాలు, బెలూన్లు, రాడార్లు పంపిన వివరాలను సేకరించాలి, తప్పులను ఏరివేయాలి, ప్రస్తుత వాతావరణ స్థితిని నిర్ణయించాలి, ఆ పిమ్మట రానున్న రోజుల స్థితిని లెక్కించి పటాలు గీయాలి. ఈ గొలుసు ప్రతిరోజూ నిర్ణీత వేళలకు తిరిగి మొదలవుతుంది. దీనిని నడిపించే సాధనాలలో ‘సిల్క్’ ఒకటి. న్యూజిలాండ్‌లోని ‘నీవా’ సంస్థలో హిలరీ ఆలివర్ దీనిని రూపొందించారు. బ్రిటన్ వాతావరణ సంస్థ కూడా దీనిని వినియోగిస్తున్నది. ఈ ఉచిత సాధనం ప్రధానంగా కీబోర్డుపై టైపు చేసే ఆదేశాలతో నడుస్తుంది.

క్లస్టర్ అనేకులు పంచుకొనే ఉమ్మడి ఆస్తి. అందువలన దాని మూల వ్యవస్థను మార్చే అధికారం సాధారణ వినియోగదారునికి ఉండదు. సాధనం ఇదివరకే ఉన్నదేమో ముందుగా చూడాలి. లేనిచో తన సొంత డైరెక్టరీలో ‘కాండా’ అనే ప్యాకేజీ నిర్వాహకంతో ఒక ప్రత్యేక ఆవరణను సృష్టించుకొని, అందులో సిల్క్‌ను స్థాపించుకోవచ్చు. దానికి కావలసిన పైథాన్ మొదలైనవన్నీ ఆ ఆవరణలోనే చేరుతాయి. ఇతరుల ప్రోగ్రాములకు ఇబ్బంది కలుగదు. తరువాత వెర్షన్ సంఖ్యను అడిగి, స్థాపన సరిగా జరిగినదో లేదో నిర్ధారించుకోవాలి.

అంతటితో పని పూర్తి కాదు. అందరూ ప్రవేశించే లాగిన్ నోడ్ క్లస్టర్‌కు వాకిలి వంటిది. అక్కడ పెద్ద లెక్కలు నడిపితే అందరి దారీ మూసుకుపోతుంది. కనుక ‘స్లర్మ్’ లేదా ‘పీబీఎస్’ వంటి వరుసక్రమ వ్యవస్థ ద్వారానే పనులు పంపవలెనని సిల్క్ అమరికలలో పేర్కొనాలి. ఏ పని తరువాత ఏ పని జరగాలో ఒక ఫైలులో వ్రాసి, అందులో దోషాలున్నవేమో పరీక్షించాలి. మొదట రెండు మూడు చిన్న పనులతో ప్రయత్నించి చూడడం వివేకం.

ఒక పని విఫలమైతే దానిని కొంత వ్యవధి తరువాత మళ్ళీ ప్రయత్నించేటట్లు ముందే నిర్దేశించవచ్చు. దానిపై ఆధారపడిన పనులు అంతవరకు ఆగుతాయి; పూర్తయిన పనులను మళ్ళీ చేయనక్కరలేదు. తుపాను తరుముకొని వచ్చే వేళ ఈ సౌలభ్యం చాలా విలువైనది. ఆలస్యంగా అందిన సూచన ఎంత కచ్చితమైనదైనా నిష్ప్రయోజనమే. సకాలంలో అందినదైతే కళ్ళంలోని గింజలను కప్పుకొనేందుకు, లోతట్టు ప్రజలను తరలించేందుకు వ్యవధి దొరుకుతుంది. తెరమీద నాలుగు ఆదేశాలుగా కనిపించే ఈ స్థాపనను శ్రద్ధతో చేయవలసినది అందుకే.