పాత ఉక్కు సైకిలును కొనుట, బాగుచేయుట

క్రొత్తవస్తువును మెచ్చుకొనుటకుఁ బెద్ద తెలివి యక్కఱలేదు. అమ్మువాఁడే దానిని మెచ్చుకొని మనకుఁ జూపును. పాతవస్తువునందు నిలుపుకొనఁదగినదేదో, తీసివేయఁదగినదేదో తెలిసికొనుటకు మాత్రము కన్నును చేయియు రెండును శిక్షణము పొందవలయును. ఈ సంగతి మాకొక సైకిలువలనఁ దెలిసినది. గడచిన వేసవి సెలవులలో మేము ఇంగ్లండు దేశమున బర్మింగుహాములో ఆసుపత్రి యుద్యోగము చేయుచున్న మా తమ్ముని యింట ఉంటిమి. అతఁడు పనికిఁ బోయివచ్చుటకుఁ బాతకాలపు చేతిపని సైకిలు నొకదానిని కొనఁగోరెను. దానిని వెదకుటలోను బాగుచేయుటలోను మేమును తోడుపడితిమి. అచ్చట నేర్చుకొన్నది మన విద్యార్థులకును వారి తలిదండ్రులకును ఉపయోగపడునని తలఁచి యిందు వ్రాయుచున్నాము.

ముందుగా అట్టి సైకిలు ఎటువంటిదో చెప్పెదము. రెండు చక్రములు ఇంచుమించు సమానముగా నుండి, చైనువలన వెనుకచక్రము తిరుగునట్టి సైకిలును 1885వ సంవత్సరమున కోవెంట్రీ పట్టణములో జాన్ కెంప్ స్టార్లీ అనునతఁడు రోవరు అను పేరుతో వెలువరించెను. 1888లో బెల్ఫాస్టు నగరమందలి పశువైద్యుఁడు జాన్ బోయ్డ్ డన్లప్ గాలి నింపెడు టైరునకుఁ బేటెంటు పొందెను. ఇఁక మిగిలిన చిక్కు బరువు. గొట్టమును పలుచన చేసినచో అతుకులయొద్ద విఱుగును. దళసరి చేసినచో సైకిలు మోయలేనిదగును. 1897లో బర్మింగుహామునందలి రేనాల్డ్సు వంశమువారి కర్మాగారమునుండి దీనికి ఉపాయము వెలువడినది. గొట్టపు వెలుపలి కొలతను మార్చకుండ, గోడను మాత్రము రెండుకొనలయందు దళసరిగాను, నడుమ పలుచగాను చేయుటయే ఆ యుపాయము. మన కావడిబద్ద నడుమ దళసరిగాను కొనలయందు సన్నముగాను ఉండును గదా! భారము నడుమఁ బడుటయే దానికిఁ గారణము. సైకిలు గొట్టమునందు భారమెక్కువగా అతుకులయొద్దఁ బడును గనుక అచ్చట దీనికి విపర్యయముగాఁ జేసిరి. 1935లో ఆ కర్మాగారమువారే మాంగనీసును మాలిబ్డినమును కలిపిన ఉక్కుతో 531 అను పేరుగల గొట్టములను వెలువరించిరి. వానిలో క్రింది గొట్టపు గోడ కొనలయందు 0.9 మిల్లీమీటరును, నడుమ 0.6 మిల్లీమీటరును ఉండుట వాడుక. దళసరి కాగితపుఅట్ట పాటి ఉక్కు మనుష్యుని మోయుచున్నదన్నమాట.

ఆ గొట్టములను కొని, గిరాకీదారుని కాలిపొడవును చేతిపొడవును కొలిచి, అతనికొక్కనికే సరిపడునట్లు చట్రమును చేయు చిన్న నిర్మాతలు ఇంగ్లండునందనేకులుండిరి. లండనులో టాటెన్‌హాము వీథులందు పనిచేసిన హెచిన్సు సంస్థవారు వంపులు తిరిగిన వెనుక గొట్టములకును, చిత్రముగాఁ జెక్కిన లగ్గులకును పేరుపొందిరి. లగ్గనఁగా రెండు గొట్టములు కలియుచోట వానిని లోనికిఁ గొనెడు ఉక్కుతొడుగు. ఆ సందులోనికిఁ గరఁగిన ఇత్తడిని గాని, వెండి కలిసిన లోహమును గాని పాఱించి అతుకుదురు. ఇత్తడి సుమారు 900 డిగ్రీల వేఁడిమికిఁ గరఁగును. ఉక్కు కరఁగుటకు దాదాపు 1500 డిగ్రీలు కావలయును. కావున నిపుణుఁడైన పనివాఁడు అతుకును మరలఁ గరఁగించి, చెడిన గొట్టమును తీసి, క్రొత్తదానిని నిలుపఁగలఁడు. చేయునప్పుడే బాగుచేయుటకు వీలుగాఁ జేసిన వస్తువిది. అఱువదేండ్లనాటి సైకిలును నేఁడును నమ్మి యెక్కుటకు ఇదియే ఆధారము.

ఈ కథ మనకు బొత్తిగాఁ బరాయిది కాదు. రేనాల్డ్సు కర్మాగారము 1928లో ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్సు అను పెద్ద సంస్థలోఁ జేరినది. ఆ సంస్థవారే మురుగప్ప కుటుంబమువారితోఁ గలిసి 1949లో మద్రాసునందు టి.ఐ. సైకిల్సును స్థాపించిరి. మన తండ్రులు త్రొక్కిన హెర్క్యులిసు సైకిలును, ఆంగ్ల పందెగాండ్రు కోరిన 531 గొట్టమును ఈ విధముగా ఒక్క గృహమువారి వస్తువులే.

ఇఁక కొనుట. మేము మొదట చూచిన సైకిలునకు 450 పౌనులు చెప్పిరి. క్రొత్తగా వేసిన ఎఱ్ఱరంగు అద్దమువలె మెఱయుచుండెను. గొట్టముమీఁద 531 అను చీటియు అంటింపఁబడి యుండెను. మా తమ్ముఁడప్పుడే సొమ్ము తీయఁబోయెను. అతనితోఁ బనిచేసి విశ్రాంతి పుచ్చుకొన్న యొక వృద్ధుఁడు, చిరకాలము సైకిలు సంఘములలోఁ దిరిగినవాఁడు, మా వెంట వచ్చెను. ఆయన రంగువంకఁ జూడలేదు. వంగి, తల గొట్టమునుండి క్రిందికి వచ్చు గొట్టపు అడుగుప్రక్కను, లగ్గునకు ఒక యంగుళము వెనుకగా, బొటనవ్రేలితో మెల్లగా రాచి, “ఇటు చేయి పెట్టి చూడుఁడు” అనెను. కంటికిఁ గనఁబడని చిన్న ముడుత వ్రేలికిఁ దగిలినది. సైకిలు ఎప్పుడో దేనినో ఎదురుగా ఢీకొన్నదనుటకు అది గుఱుతు. అట్టిచోట ఉక్కు అలసియుండును. ఏటవాలు దారిలో వేగముగాఁ బోవునప్పుడు ఆ గొట్టము చీలెనేని, ఎక్కినవానికి బ్రేకుపట్టుటకైనను వ్యవధి యుండదు. అమ్మినవానికి ఆ దోషము తెలియునో తెలియదో మేము చెప్పఁజాలము. మాకు మాత్రము సున్నముకొట్టిన సమాధులను గూర్చి ప్రభువు చెప్పిన మాట జ్ఞప్తికి వచ్చినది.

ఆ దినమున ఆ పెద్దమనుష్యుఁడు మాకు నేర్పిన పరీక్షలు ఇవి. రంగు పొక్కియున్నచోట్లను, ముందు ఫోర్కు పైభాగమును, వెనుక ఇరుసు కూర్చుండెడు కొనలను చీలికలకై వెదకవలయును. పెడళ్ల ఇరుసుండు గొట్టము చట్రమున కంతటికి అడుగున నుండును గనుక నీరు అచ్చటనే నిలుచును. అందు లోపలి తుప్పును చూడవలయును. పైపైని పట్టిన తుప్పు కడిగినఁ బోవును. గుంటలుపడిన తుప్పు ఉక్కునే తినివేసినది. చీటిని నమ్మరాదు, ఏలయన చీటి విడిగా అమ్మఁబడును. సీటు రాడ్డు కొలతను చూడవలయును. 531 పలుచని గొట్టములతోఁ జేసిన చట్రములలో అది తఱచుగా 27.2 మిల్లీమీటర్లుండును; చాల తక్కువగా నున్నచో గొట్టము దళసరిదని అనుమానింపవలయును.

చట్రము తిన్నగా నున్నదో లేదో చూచుటకు దారమొక్కటి చాలును. వెనుక ఇరుసు కూర్చుండెడు ఒక కొననుండి దారమును తల గొట్టము చుట్టు త్రిప్పి రెండవ కొనకుఁ గట్టి బిగింపవలయును. తరువాత సీటు క్రింది నిలువు గొట్టమునుండి ఇరుప్రక్కల దారములకుఁ గల దూరమును కొలువవలయును. రెండును సమానమైనచో చట్రము తిన్ననిది. ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించి భేదమున్నచో వంగినది. రేఖాగణితము పరీక్షకొఱకే యని తలఁచు మా శిష్యులు దీనిని గమనింతురుగాక!

రెండవ సైకిలు 120 పౌనులకే వచ్చినది. పచ్చరంగు వెలసి, అచ్చటచ్చట తుప్పుచుక్కలతో నుండెను. సీటు రాడ్డు కదలలేదు. కాని వ్రేలికి ముడుత తగులలేదు, దారమును సమానముగా నిలిచినది. దానిని అమ్మిన వృద్ధురాలు తన తండ్రి 1958లో కొలతలిచ్చి చేయించుకొన్న రసీదును తెచ్చి చూపెను. అందలి సంఖ్య చట్రము అడుగునఁ గొట్టిన సంఖ్యతో సరిపోయినది. దొంగసొత్తు కాదనుటకు అదియే సాక్ష్యము. పాతసైకిలు కొనువారెవ్వరును ఈ విచారణ మానరాదు. ఆమె తండ్రి ఇంచుమించు మా తమ్మునంత పొడగరి యగుట మా యదృష్టము. ఒకరికై కుట్టిన చొక్కా వేఱొకరికిఁ బట్టనట్లే, ఒకరి కొలతకుఁ జేసిన చట్రము ఎంత చౌకగా వచ్చినను, కొలత కుదరనివానికి దండుగయే. పైగొట్టముమీఁద నిర్మాత చేతితో వ్రాసిన ఆమె తండ్రి పేరులోని రెండు మొదటి యక్షరములుండెను. “వానిని చెఱిపివేయుదురా?” అని ఆమె యడిగెను. చెఱుపమని మా తమ్ముఁడు మాట యిచ్చెను.

ఆ మాటయే మా పని నంతటిని నడిపినది. రంగంతయు గీఁకి క్రొత్తది వేసినచో సైకిలు ఒక్కదినములో సొగసుగా నుండెడిది. మేము అట్లు చేయలేదు. సబ్బునీటఁ గడిగి, మైనము పూసితిమి. ఆ కాలపు రంగులలో సీసముండవచ్చును గనుక పొడిగా గీఁకి ఆ ధూళిని పీల్చుటయు అపాయకరమే. తుప్పుపట్టిన చిన్న భాగములను విడఁదీసి, ఆక్సాలిక్ ఆమ్లము కలిపిన పలుచని నీటిలో నానవేసి, పిదప బాగుగాఁ గడిగితిమి. అది విషపదార్థము, చేతితొడుగులు లేక, పెద్దలు దగ్గఱ లేక, బాలురు దానిని ముట్టరాదు.

విప్పుటకు ముందు ప్రతిభాగమునకు ఛాయాచిత్రము తీసి, విప్పినవానిని వేర్వేఱు డబ్బాలలో నుంచితిమి. సీటు రాడ్డు అల్యూమినియముది, గొట్టము ఉక్కుది. రెండు లోహముల నడుమ తడి చేరినచో అవి ఒకదానినొకటి కఱచుకొనును. నాలుగు దినములు నూనె పోసి, పిమ్మట రాడ్డునకు మంచుగడ్డలు చుట్టితిమి. చల్లఁబడునప్పుడు అల్యూమినియము ఉక్కుకంటె ఇంచుమించు రెండింతలు సంకోచించును గనుక పట్టు సడలినది.

ఒక తప్పును దాఁచక చెప్పవలయును. పెడళ్ల ఇరుసును విప్పునప్పుడు కుడిప్రక్క కప్పును మేము వాడుక చొప్పున ఎడమవైపునకుఁ ద్రిప్పితిమి. అది రాలేదు. పానాకు గొట్టము తొడిగి మఱింత బలముగాఁ ద్రిప్పితిమి. పానా జాఱి కప్పు అంచు చెదరినది, మా వ్రేలును తెగినది. ఆంగ్ల చట్రములలో కుడిప్రక్క కప్పునకు ఎడమ మర యుండును; దానిని విప్పుటకు గడియారపు ముల్లు పోవు దిక్కునకుఁ ద్రిప్పవలయును. ఇటలీ చట్రములలో రెండుప్రక్కలను సాధారణపు మరయే. బలము చాలకపోయినదని మేమనుకొంటిమి. నిజమునకుఁ జాలనిది తెలివి. ఇరువదేండ్లుగా బాలురకు “ముందు ప్రశ్నను చదువుఁడు” అని చెప్పుచున్న మాకు ఇది తగిన పాఠమే.

ప్రాణమునకు సంబంధించినవానిలో మాత్రము పాతదానిని మన్నింపలేదు. టైర్లు, బ్రేకు తీఁగెలు, బ్రేకు రబ్బర్లు, చైను అన్నియు క్రొత్తవి వేసితిమి. పెడళ్ల ఇరుసునకు ప్రక్కకు పదునొకండు చొప్పున, వెనుకచక్రపు ఇరుసునకు ప్రక్కకు తొమ్మిది చొప్పున పావంగుళపు ఉక్కుగోళీలన్నిటిని మార్చితిమి. అరిగిన గోళీలతోఁ గ్రొత్తవానిని కలిపినచో భారమంతయుఁ గ్రొత్తవానిమీఁదనే పడును. పాత ఉక్కురిమ్ములు వానలో బ్రేకునకు జాఱును గనుక అల్యూమినియపు రిమ్ములు వేయించితిమి. పాతవి 27 అంగుళములవి. టైరు కూర్చుండుచోట వాని అడ్డుకొలత 630 మిల్లీమీటర్లు. నేఁడు వాడుకలోనున్న వానికి 622. అంచు నాలుగు మిల్లీమీటర్లు క్రిందికి దిగినది గనుక బ్రేకు రబ్బర్లను అంతమేర దింపి, రిమ్మునకు సరిగా తాఁకుచున్నవని చూచిన పిమ్మటనే సైకిలును వీథిలోనికిఁ దీసితిమి. పాత రిమ్ములను పాఱవేయక అటకపై దాఁచితిమి.

బాగుచేయుటకు 180 పౌనులైనవి. అనఁగా కొన్న వెలకంటె నెక్కువ. పాతసైకిలు కొనువారు ఈ రెండవ లెక్కను ముందే వేసికొనవలయును. అయినను మొత్తము 300 పౌనులే. మెఱయుచుండిన ఆ మొదటిదాని వెలకంటె 150 తక్కువ.

మేము తిరిగి వచ్చుటకు ముందు ఆదివారమున, ఆరాధన యయిన తరువాత, మా తమ్ముఁడు ఆ సైకిలునెక్కి వృద్ధురాలి యింటికిఁ బోయి వచ్చెను. ఆమె చక్రములను గాని చైనును గాని చూడలేదఁట. పైగొట్టముమీఁది రెండక్షరములను చేతితోఁ దడవి, లోనికిఁ బోయి, తండ్రి వాడిన గాలిపంపును తెచ్చి యిచ్చెనఁట.

జ్ఞాపకమునకు సంబంధించినదానిని నిలుపుము. ప్రాణమునకు సంబంధించినదానిని మార్చుము. మేము నేర్చుకొన్నది ఇంతియే. ప్రతిదినము మన పాఠశాలకు సైకిలుపై వచ్చు బాలబాలికలు, దానిని తుడిచి మెఱయించుటకు ముందు, నేఁటి సాయంకాలమే బ్రేకు తీఁగెను ఒకమాఱు వ్రేలితోఁ దడవి చూతురుగాక.