చర్మం ద్వారా పురుగుమందుల విషప్రభావం
చర్మం ద్వారా విషప్రభావం అనగా విషపదార్థాలు మింగకుండా, పీల్చకుండానే చర్మం గుండా రక్తంలో చేరి కలిగించే హాని. తూర్పు కనుమలలోని రంపచోడవరం ఏజెన్సీలో జీడిమామిడి ముఖ్యమైన తోటపంట. ఈ చెట్లకు మందు చల్లేటప్పుడు పైకొమ్మల నుండి తుంపర చల్లేవారి తలపై, ముఖంపై పడుతుంది. 1971లో ప్రచురితమైన ఒక అమెరికా పరిశోధనలో పారాథియాన్ అనే పురుగుమందు ముంజేతి కంటే నుదుటి చర్మం గుండా సుమారు 4 రెట్లు అధికంగా శరీరంలో చేరినట్లు తేలింది.

పారాథియాన్ వంటి ఆర్గానోఫాస్ఫేట్ మందులు నరాల పనికి అవసరమైన అసిటైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమును అడ్డుకుంటాయి. అధికంగా చెమట, చొంగ కారడం, కంటిపాపలు కుంచించుకుపోవడం, ఊపిరాడకపోవడం దీని లక్షణాలు. చర్మంపై గాయం గాని, మంట గాని లేకపోయినా విషం ఎక్కవచ్చు. తడిసిన బట్టలను వెంటనే తీసివేసి, చర్మాన్ని, జుట్టును సబ్బునీటితో కడిగి, రోగిని ఆసుపత్రికి చేర్చాలి. అక్కడ అట్రోపిన్ ఇంజెక్షన్‌తో చికిత్స చేస్తారు.