కొబ్బరికాయలతో వరద లెక్క

గోదావరి పాయలలో ఒకటైన వైనతేయ, ఓడలరేవు వద్ద సముద్రంలో కలుస్తుంది. వరద రోజుల్లో ఎగువన ధవళేశ్వరం బ్యారేజి నుండి ఎంత నీరు వదిలారో రేడియోలోను, పత్రికలలోను చెబుతారు. “25 లక్షల క్యూసెక్కులు” అంటే ఎంతో మీ ఊహకు అందుతుందా? అందదు కదూ! అయితే బొమ్మ గీద్దాం.

సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు పారితే ఒక క్యూసెక్కు. అంటే సుమారు 28 లీటర్లు. లక్ష క్యూసెక్కులకు ఒక కొబ్బరికాయ చొప్పున వరుసగా గీయండి. 1986 ఆగస్టు వరదకు 35 కాయలు, 2006 వరదకు 28న్నర, 2022 జూలై వరదకు దాదాపు 26 వస్తాయి. ఇప్పుడు 10, 13, 17 కాయల దగ్గర నిలువు గీతలు గీయండి. అవే మూడు ప్రమాద హెచ్చరికలు. మూడవ గీతను ఈ వరదలు ఎంత దాటాయో చూశారా? 1986 వరద దానికి రెట్టింపు!

ఒక జాగ్రత్త. రెట్టింపు నీటికి రెట్టింపు ఎత్తు కాయను గీయకండి. ఎత్తుతోపాటు వెడల్పూ పెరిగి, బొమ్మ నాలుగింతలై కంటిని మోసగిస్తుంది. కాయ పరిమాణం మార్చక, సంఖ్యనే పెంచాలి. 1920లలో వియన్నాలో ఆటో నాయ్‌రాత్ పాటించిన నియమం ఇదే.

ఈసారి వరద వచ్చినప్పుడు రోజుకొక వరుస గీసి ఇంట్లో పెద్దలకు చూపండి. వరుసలు పెరుగుతున్నాయా, తగ్గుతున్నాయా? తరువాతి గీతకు ఇంకెన్ని కాయల దూరం? బియ్యం అటకెక్కించాలో, పశువులను గట్టుకు తోలాలో ఆలోచించడానికి ఆ బొమ్మ పనికివస్తుంది.