పంజరం దించకముందే అడుగు లెక్క

స్కాట్లాండ్ పశ్చిమ తీరంలోని సముద్రపు పాయల్లో సాల్మన్ చేపలను వలపంజరాల్లో పెంచుతారు. చెరువులోనైతే మురికి గట్టు దాటదు. ఇక్కడ చేపలు తినక వదిలిన మేత గుళికలు, వాటి మలం వల కన్నుల్లోంచి జారి అడుగుకు దిగుతాయి. అవి ఎక్కడ పడతాయో పంజరం దించకముందే తెలియాలి. ఆలస్యమైతే అప్పటికే నేల పాడవుతుంది.

లెక్కకు మూలం రెండు వేగాలు: రేణువు మునిగే వేగం, నీరు దాన్ని పక్కకు తోసే వేగం. మలం సెకనుకు 3 సెంటీమీటర్ల చొప్పున దిగితే 30 మీటర్ల లోతు చేరడానికి దాదాపు 17 నిమిషాలు పడుతుంది. ఈలోగా సెకనుకు 10 సెంటీమీటర్ల ప్రవాహం దాన్ని 100 మీటర్లు మోసుకుపోతుంది. బరువైన మేత గుళిక సెకనుకు 10 సెంటీమీటర్లు దిగితే 5 నిమిషాల్లో, 30 మీటర్ల దూరంలోనే నేల తాకుతుంది. అందుకే తినని మేత పంజరం దాపునే పేరుకుంటుంది, మలం దూరందాకా పరుచుకుంటుంది.

అయితే ప్రవాహం ఒకే తీరున ఉండదు. ఆటుపోట్లతో దిశ మారుతుంది. పైన ఒక వేగం, అడుగున ఇంకో వేగం. కనుక కొలిచే పరికరాలను వారాల తరబడి నీటిలోనే ఉంచుతారు. ఓబన్ దగ్గరి డన్‌స్టాఫ్‌నేజ్ పరిశోధనశాల శాస్త్రవేత్తలు 2002లో ప్రకటించిన డెపోమోడ్ నమూనా ఆ కొలతలు తీసుకుని, రేణువుల దారులు లెక్కకట్టి, చదరపు మీటరుకు ఏడాదికి ఎంత చెత్త పడుతుందో పటం గీస్తుంది. పడ్డది పడ్డచోటే ఉంటుందనీ లేదు. అడుగు ప్రవాహం సెకనుకు 9.5 సెంటీమీటర్లు దాటితే అది మళ్లీ లేస్తుందని ఆ నమూనా లెక్క. ప్రవాహం ఉరవడిగా ఉన్నచోట ఈ ఒక్క అంకె చాలలేదు. తర్వాత వచ్చిన న్యూడెపోమోడ్ ఆ లోటు మీదే దృష్టి పెట్టింది.

పటం నిజమో కాదో తేల్చేది బురదే.

పడవ మీంచి దించిన ఇనుప దవడల సాధనం అడుగు మట్టిని పట్టి తెస్తుంది. ఆరోగ్యంగా ఉన్న నేలలో రకరకాల పురుగులు, గుల్లలు కనిపిస్తాయి. చెత్త మితిమీరితే ఆక్సిజన్ తగ్గి, కుళ్లిన గుడ్ల వాసన కొడుతుంది. సన్నటి కాపిటెల్లా పురుగులు ముమ్మరిస్తాయి, బెగ్గియటోవా బ్యాక్టీరియా తెల్లటి పొరలా కమ్ముతుంది. అలాంటిచోట పంజరాలు ఖాళీచేసి నేల కోలుకునేదాకా ఆగాలి.

మన తీరానికీ ఈ లెక్క అవసరమే. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ 2007లో విశాఖ తీరంలో పంజరం దించి పండుగప్పను పెంచింది. స్కాట్లాండ్ అంకెలు ఇక్కడ పనికిరావు. పండుగప్ప మలం ఎంత వేగంగా మునుగుతుందో విడిగా కొలవాలి. బంగాళాఖాతంలో తీరప్రవాహం రుతువును బట్టి దిశ మార్చుకుంటుంది. కొలిచే పరికరం నైరుతి రుతుపవనాల్లోనూ, ఈశాన్య రుతుపవనాల్లోనూ నీటిలో ఉండాలి.