వార్తల్లో పదం: లేజీ ఇన్‌పుట్

పరిటాల మీదుగా 65వ నంబరు జాతీయ రహదారిపై ఏడాది పొడుగునా వెళ్లిన లారీల నంబర్లన్నీ ఒకే ఫైల్లో ఉన్నాయనుకోండి. అందులో ‘ఏపీ 16’తో మొదలయ్యే పాత కృష్ణా జిల్లా బళ్లు కావాలి. ప్రోలాగ్ అనే ప్రోగ్రామింగ్ భాషలో దీనికి ఒక వ్యాకరణ సూత్రం చాలు: నంబరు అంటే రాష్ట్రం, ఆపై జిల్లా, అక్షరాలు, అంకెలు. ఈ పద్ధతి పేరు డెఫినిట్ క్లాజ్ గ్రామర్ (డీసీజీ). పెరీరా, వారెన్ 1980లో రాసిన వ్యాసంతో బాగా ప్రచారంలోకి వచ్చింది.

చిక్కల్లా చదవడంలోనే. ఫైల్లోంచి ఒక్కో అక్షరం లాగుతూ పోతే, చదివిన అక్షరం చేజారినట్టే. ‘ఏపీ 1’ తర్వాత 6కు బదులు 5 వచ్చిందా, వెనక్కి వచ్చి ఇంకో సూత్రం పట్టుకుందామన్నా ప్రోలాగ్‌కు దారి ఉండదు. పోనీ, ఫైలంతా ముందే అక్షరాల జాబితాగా మారిస్తే మెమరీ చాలదు.

ఈ చిక్కు తీర్చేదే లేజీ ఇన్‌పుట్. ఇందులో జాబితా చివర ఇంకా విలువ లేని చలరాశి ఉంటుంది. సూత్రం దాన్ని తాకగానే ఫైల్లోంచి మరికొంత వచ్చి చేరుతుంది. ఉల్‌రిష్ నోయ్‌మెర్కెల్, యాన్ వీలెమేకర్ ఎస్‌డబ్ల్యూఐ ప్రోలాగ్‌కు ఇచ్చిన ‘ఫ్రేజ్ ఫ్రమ్ ఫైల్’ చేసేది ఇదే. చిన్న జాబితా కోసం రాసిన సూత్రం అక్షరం మారకుండా అంత పెద్ద ఫైలుకూ పనికొస్తుంది. నాకు అన్నిటికన్నా నచ్చింది అదే. ఒక్క జాగ్రత్త: వెనక్కి వెళ్లే దారులు తెరిచే ఉంచితే చదివినదంతా మెమరీలో పేరుకుంటుంది. ఒక నంబరు తేలగానే ఆ దారి మూసేయాలి.