గులకరాళ్లు పోయాయి... ఊరూ పోయింది!

ముప్ఫై ఏడు ఇళ్లు, ఒక పబ్బు, ఒక మంచినీటి ఊట. జనాభా 159. తరాల తరబడి సముద్రం పక్కనే కాపురం చేసినా ఏనాడూ దానికి భయపడని ఊరది. చివరికి ఆ సముద్రమే ఊరిని మింగేసింది. తప్పు సముద్రానిదేనా అంటే... కాదు. ఊరికి కాపలా కాస్తున్న గులకరాళ్లను మనుషులే తవ్వుకుపోయారు. ఇంగ్లండ్‌లోని హాల్‌సాండ్స్ అనే చిన్న పల్లె కథ ఇది.

1917 జనవరి 26. చలికాలం సాయంత్రం. తూర్పు నుంచి ఈదురుగాలి వీస్తోంది. దానికి తోడు సముద్రం బాగా పోటు మీదుంది. చీకటిపడేసరికి కెరటాలు ఇళ్ల పైకప్పులను తాకడం మొదలైంది. కిటికీలు పగిలాయి. పొయ్యిల్లోకి నీళ్లొచ్చాయి. కాళ్ల కింద నేల కదులుతోంటే పిల్లల్ని చంకనేసుకుని, ముసలివాళ్లను చేయిపట్టుకుని జనమంతా వెనకున్న కొండ ఎక్కేశారు. మర్నాడు పోటు తగ్గినప్పుడు దిగొచ్చి చేతికందిన సామాను ఏరుకున్నారు. మళ్లీ పోటొచ్చింది. మిగిలిన గోడలూ కూలాయి. ఒక్క ప్రాణం కూడా పోలేదు. కానీ ఊరు లేదు!

పీతలే జీవనాధారం

ఇంగ్లండ్ నైరుతి మూలన డెవన్ అనే జిల్లా ఉంది. దాని దక్షిణ తీరంలో స్టార్ట్ బే అనే వంపు తిరిగిన తీరం. ఆ వంపు చివర, కొండ అంచుకీ సముద్రానికీ మధ్య ఉన్న ఇరుకైన రాతిగట్టు మీద కట్టుకున్న ఊరు హాల్‌సాండ్స్. 1506 నాటికే ఇక్కడో చిన్న ప్రార్థనాలయం ఉండేదని ఆధారాలున్నాయి. పద్దెనిమిది, పందొమ్మిది శతాబ్దాల్లో బెస్త కుటుంబాలు పెరిగి ఊరు నిలదొక్కుకుంది.

దగ్గర్లోని స్కెరీస్ అనే ఇసుక మేట దగ్గర పీతలు బాగా దొరికేవి. మగవాళ్లు బుట్టలు అల్లి, వాటిని సముద్రంలో దింపి పీతలు పట్టేవారు. పడవలు ఒడ్డుకు చేరేసరికి ఆడవాళ్లంతా సిద్ధంగా ఉండేవారు. తాళ్లు పట్టి పడవల్ని గట్టుమీదికి లాగడం వాళ్ల పని. ఆ ఊరి కుక్కలూ ఊరికే కూర్చునేవి కావు. న్యూఫౌండ్‌లాండ్ జాతికి చెందిన పెద్ద కుక్కలు ఎదురు ఈదుకుంటూ వెళ్లి, పడవల్లోంచి విసిరిన తాళ్లను నోట కరచుకుని ఒడ్డుకు తెచ్చేవి!

సముద్రానికి అంత దగ్గరగా ఉన్నా వాళ్లకు భయమెందుకు లేదు? ఇళ్లకూ నీళ్లకూ మధ్య గులకరాళ్లతో నిండిన విశాలమైన తీరం ఉండేది. పడవలు నిలిపేదీ, వలలు ఆరేసేదీ దానిమీదే. ఎంత పెద్ద కెరటమైనా ఆ రాళ్లమీద పడి బలం కోల్పోయి వెనక్కి మళ్లేది. ఎవరూ కట్టని రక్షణ గోడ అది.

రోజుకు 1,600 టన్నులు

1890ల్లో బ్రిటిష్ నౌకాదళం ప్లిమత్ పక్కనున్న కీహామ్ నౌకాశ్రయాన్ని విస్తరించాలనుకుంది. పనులు సర్ జాన్ జాక్సన్ అనే పెద్ద కాంట్రాక్టరుకు దక్కాయి. కాంక్రీటు కోసం గులకరాళ్లు కావాలి. దగ్గర్లో ఎక్కడ దొరుకుతాయి? స్టార్ట్ బేలో! ప్రభుత్వం అనుమతి ఇచ్చేసింది. ఆ తీరాన బతికేవాళ్లను మాత్రం ఎవరూ అడగలేదు.

1897 ఏప్రిల్‌లో హాల్‌సాండ్స్‌కూ పక్కనున్న బీసాండ్స్‌కూ మధ్య తవ్వకం మొదలైంది. ఒడ్డుకు దగ్గర్లోనే యంత్రాలు నిలిపి సముద్రం అడుగునుంచి రాళ్లు తోడేవారు. ఒక్కోరోజు 1,600 టన్నుల దాకా! పది టన్నుల లారీల్లో నింపితే 160 లారీల సరుకన్నమాట.

బెస్తవాళ్లకు వెంటనే గుబులు పట్టుకుంది. ‘అడుగున తోడితే పైనున్న రాళ్లు జారిపోవా?’ అన్నది వాళ్ల ప్రశ్న. గోల చేస్తే ప్రభుత్వం విచారణకు ఓ అధికారిని పంపింది. ఊరికి చెప్పుకోదగ్గ ముప్పేమీ లేదని ఆయన తేల్చేశాడు. తోడిన రాళ్ల స్థానంలో సముద్రమే కొత్త రాళ్లు తెచ్చి పోస్తుందని అధికారుల నమ్మకం. వేటకు ఇబ్బంది కలుగుతున్నందుకు బెస్తవాళ్లకు ఏడాదికి 125 పౌండ్లు ఇస్తానని కాంట్రాక్టరు ఒప్పుకున్నాడు. తవ్వకం సాగిపోయింది.

ఎవరి లెక్క నిజమైంది?

1900 నాటికి తీరం కిందికి దిగిపోవడం అందరికీ కనిపించింది. ఆ ఏడాది తుపానుకు ఊరి అడ్డుగోడలో కొంత భాగం కొట్టుకుపోయింది. నవంబరులో ఊరివాళ్లు తమ ఎంపీ ఫ్రాంక్ మైల్డ్‌మేకు అర్జీ పెట్టుకున్నారు. 1901లో స్థానిక కౌన్సిల్ కూడా రోడ్డు పాడైందంటూ ప్రభుత్వానికి రాసింది. మళ్లీ ఓ అధికారి వచ్చాడు. ఈసారి వచ్చినాయన పరిస్థితి చూసి తవ్వకం ఆపాల్సిందేనన్నాడు. 1902 జనవరి 8న అనుమతి రద్దయింది.

అప్పటికే సుమారు ఆరున్నర లక్షల టన్నుల రాళ్లు వెళ్లిపోయాయి!

తవ్వకం ఆగాక రాళ్లు కొంత మేట వేసినట్టే కనిపించింది. ఆ ఆశ ఎన్నాళ్లో నిలవలేదు. తర్వాతి తుపాన్లు దాన్నీ ఊడ్చేశాయి. కొన్ని ఇళ్లు దెబ్బతిన్నాయి. ప్లిమత్‌కు చెందిన ఇంజినీరు రిచర్డ్ హాన్స్‌ఫర్డ్ వర్త్ ఏళ్ల తరబడి ఆ తీరాన్ని కొలిచాడు. కొన్నిచోట్ల తీరం పన్నెండు అడుగుల దాకా కిందికి పోయిందని తేల్చాడు. కొత్తగా అడ్డుగోడలు కట్టారు. వాటి ధైర్యంతోనే జనం అక్కడే ఉండిపోయారు.

ఇంతకీ సముద్రం కొత్త రాళ్లను ఎందుకు తేలేదు? ఎందుకంటే... తేవడానికి దాని దగ్గర లేవు కాబట్టి. స్టార్ట్ బేలోని గులకరాళ్లు నిన్నా మొన్నా వచ్చినవి కావు. మంచుయుగం ముగిసి సముద్ర మట్టం పెరుగుతున్న కాలంలో, వేల ఏళ్లపాటు ఒడ్డుకు చేరినవి. ఆ తర్వాత కొత్తవి రావడం దాదాపు ఆగిపోయింది. పెద్దలు దాచిపెట్టిన సొమ్ము లాంటిదన్నమాట. ఖర్చుపెడితే తరగడమే తప్ప పెరగడం ఉండదు. బెస్తవాళ్లకు ఈ శాస్త్రం తెలియకపోవచ్చు. తీరం సంగతి మాత్రం తెలుసు.

కొండ మీద కొత్త బతుకు

1917 ముగిసేనాటికి ఆ ఊళ్లో కాపురానికి పనికొచ్చే ఇల్లు ఒకే ఒక్కటి మిగిలింది. పరిహారం కోసం ఊరివాళ్లు ఏడేళ్లు పోరాడాల్సి వచ్చింది. చివరికి వచ్చిన డబ్బుతో కాస్త ఎగువన కొత్త ఇళ్లు కట్టారు. కొందరు చుట్టుపక్కల ఊళ్లకు చెదిరిపోయారు.

ఇల్లు పోగొట్టుకున్న వాళ్లలో ట్రౌట్ అక్కచెల్లెళ్లూ ఉన్నారు. తండ్రి జబ్బుపడితే పేషెన్స్, ఎల్లా చిన్న వయసులోనే పడవెక్కి వేటకు వెళ్లారు. ఊరు పోయిన ఏడాదే సెప్టెంబరులో వాళ్ల తీరానికి దగ్గర్లో ఓ ఓడ పేలి మునిగిపోయింది. పదేళ్ల తమ్ముడి వరస పిల్లాడితో కలిసి ఎల్లా ప్రమాదం జరిగిన చోటికే తెడ్లేసుకుంటూ వెళ్లి, నీళ్లలో కొట్టుకుంటున్న నావికుణ్ని కాపాడింది. ప్రభుత్వం ఆమెకు పతకం ఇచ్చింది. తర్వాత ఆ అక్కచెల్లెళ్లు కొండమీద సొంతంగా హోటల్ కట్టి, ఏళ్ల తరబడి నడిపారు.

మిగిలిన ఆ ఒక్క ఇంట్లో ఉండిపోయిన మనిషి ఎలిజబెత్ ప్రెటీజాన్. చుట్టూ మొండిగోడలు, ముందు సముద్రం, తోడుగా కొన్ని కోళ్లు. అందరూ వెళ్లిపోయినా ఆమె కదల్లేదు. చూడ్డానికొచ్చిన వాళ్లకు ఏ గోడ ఎవరిదో, ఆ రాత్రి ఏం జరిగిందో చెప్పేది. 1964లో ఆమె కన్నుమూసింది. హాల్‌సాండ్స్ పాత ఊళ్లో ఆఖరి దీపం అలా ఆరిపోయింది.

ఇప్పుడక్కడ రాతిగట్టుకు అతుక్కున్న నాలుగు మొండిగోడలే కనిపిస్తాయి. 2012లో కొండచరియ విరిగిపడ్డాక ఆ మాత్రం దగ్గరికీ వెళ్లడానికి లేకుండా పోయింది. పైనుంచి చూడాల్సిందే.

ఆ రాళ్లతో విస్తరించిన కీహామ్ నౌకాశ్రయం మాత్రం డెవన్‌పోర్ట్ నౌకాదళ స్థావరంలో భాగంగా ఇప్పటికీ పనిచేస్తోంది. ఒకప్పుడు 159 మందిని కాచిన గులకరాళ్లు ఇప్పుడు ఓడలకు కాపుకాస్తున్నాయి.